నేను మెలకువలోనే ఉన్నాను

నా గర్భసంచి తీసేసినప్పుడు నా వయసు 31. సంవత్సరం 2011. అప్పటికి మా ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. ఇంటర్ పాసయ్యాను. గర్భిణుల బరువులు చూసి రాయడం, పిల్లల ఎదుగుదల కార్డులు నింపడం, నెలనెలా లెక్కలు పైకి పంపడం నా పని. ఇది ముందే చెప్పడానికి కారణముంది. చదువు రాని మనిషి, చెప్పినా అర్థం కాదు అనుకుని నన్ను అడగలేదేమోనని ఎవరికైనా అనిపించవచ్చు. అది కాదు. నా పక్క మంచంలో వేలిముద్ర వేసే కూలిమనిషి ఉంది. ఆమెనూ అడగలేదు, నన్నూ అడగలేదు.

ఆ ఏడాది సంక్రాంతి దాటినప్పటి నుంచి నెలసరి అదుపు తప్పింది. నాలుగైదు రోజుల్లో ఆగాల్సింది పది రోజులకూ ఆగేది కాదు. మధ్యలో తెల్లబట్ట, విడవని నడుంనొప్పి. కేంద్రంలో పిల్లల మధ్య కింద కూర్చుంటే, లేచేటప్పుడు ముందు చీర వెనక తడుముకోవాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు సూదులు వేసి చూశాడు. తగ్గకపోయేసరికి, "టీచరమ్మా, ఇక నా వల్ల కాదు, టౌనుకెళ్ళి స్కానింగ్ తీయించుకోండి" అని ఒక నర్సింగ్ హోం పేరు చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకెళ్ళిన ప్రతి మనిషి మీదా ఆయనకు వాటా ముడుతుందని ఊళ్ళో అంటారు. నా దగ్గర రుజువు లేదు కాబట్టి అంతకంటే చెప్పను.

స్కానింగ్ కాగితం చూసి అక్కడి మేడం మూడు ముక్కలు చెప్పారు. గర్భసంచి వాచింది. నోటి దగ్గర పుండు పడింది. ఇలాగే ఉంచితే క్యాన్సర్‌లోకి దిగుతుంది. ఆ మూడో మాటతో నా ఒళ్ళు చల్లబడింది. మా పిన్ని క్యాన్సర్‌తో ఆర్నెల్లు మంచాన పడి పోవడం కళ్ళారా చూసినదాన్ని. అయినా ధైర్యం తెచ్చుకుని, "కొన్నాళ్ళు మందులు వాడి చూద్దామా మేడం?" అన్నాను. ఆవిడ జవాబు నాకు చెప్పలేదు. మా ఆయన వైపు తిరిగి, "పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయిందిగా, ఇక ఆ సంచితో పనేముందయ్యా? ఆలస్యం చేసి తర్వాత నన్ననొద్దు" అన్నారు.

ఆ మాట ఆవిడ పుట్టించింది కాదు. మా ఊళ్ళో ఏ అరుగు మీద కూర్చున్నా వినపడేదే. మా అత్తకు తీశారు. మా తోడికోడలికి తీశారు. ఎదురింటామెకు 26 ఏళ్ళకే తీశారు. మిరపకోతల కాలంలో తెల్లారకముందే ట్రాక్టరెక్కి పోయే ఆడవాళ్ళకు చేలో మరుగుండదు, గుడ్డ మార్చుకునే చోటుండదు, ఉతికిన గుడ్డ ఆరే ఎండ చాటున దొరకదు. కడుపునొప్పని ఒకపూట కూలబడితే ఆ పూట కూలి పోతుంది, మేస్త్రీ మర్నాడు పిలవడు. "తీసి పారేస్తే పీడా పోతుంది" అని వాళ్ళంటే అందులో తెలివితక్కువతనం లేదు. వాళ్ళ బతుకు లెక్క అది. కానీ ఆ లెక్కలో ఒక అంకె వాళ్ళకు తెలియదు, నాకూ తెలియదు. అది తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కరే ఉన్నారు, ఆవిడ చెప్పలేదు.

గొలుసు తాకట్టు పెట్టాం. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకున్నాం. చేరిన రోజు కౌంటర్లో ఒక అచ్చు కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది, ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి. మా ఆయన సంతకం పెట్టాడు. నాది కూడా కావాలేమోనని నేను పెన్ను కోసం చెయ్యి చాచాను. "మీది అక్కర్లేదండీ, ఆయనది చాలు" అన్నాడు అక్కడి కుర్రాడు. మర్యాదగానే అన్నాడు.

థియేటర్లో వెన్నులో మత్తు సూది ఇచ్చారు. నడుం కింద నుంచి మొద్దుబారిపోయింది. పైన మాత్రం పూర్తిగా తెలివిలో ఉన్నాను. ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. నొప్పి లేదు కానీ లోపల ఎవరో లాగుతున్నట్టు, సర్దుతున్నట్టు తెలుస్తూనే ఉంది. తల దగ్గర మత్తు డాక్టరుగారు కూర్చుని, "ఊపిరి బాగా ఆడుతోందా అమ్మా?" అని మధ్యమధ్య అడుగుతున్నారు. ఆడుతోందండీ అంటున్నాను. అప్పుడు గుడ్డ అవతలి నుంచి మేడం గొంతు వినపడింది. "ఓవరీస్ కూడా తీసేద్దాం, మళ్ళీ ఎప్పుడో తెరవడం ఎందుకు. బయట వాళ్ళాయన్నడిగి సంతకం తీసుకురా." సిస్టరు వెళ్ళింది. తలుపు చప్పుడైంది. కాసేపటికి తిరిగొచ్చి, "పెట్టాడు మేడం" అంది. నేను, "ఏం తీస్తున్నారండీ?" అన్నాను. "మాట్లాడకూడదమ్మా, ఊరికే పడుకో" అన్నారెవరో.

ఇన్నేళ్ళుగా నా మనసు అక్కడే ఆగిపోయింది. ఊపిరి సంగతి అడిగితే జవాబు చెప్పగలిగిన మనిషిని, ఆ రెండో సంగతి కూడా అడగవచ్చు. గుడ్డ కాస్త పక్కకు జరిపి నా మొహం చూసి అడిగితే అర నిమిషం పట్టేది. సిస్టరు బయటికెళ్ళి రావడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

బయట మా వాళ్ళకు ట్రేలో పెట్టి చూపించారట. "చూశారా ఎలా పాడైపోయిందో" అన్నారట. మా అత్త చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని దండం పెట్టిందట. రక్తంలో నానిన మాంసపు ముక్క చూసి అది బాగుందో పాడైందో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. దాన్ని పరీక్షకు పంపించిన కాగితం మాకెప్పుడూ అందలేదు. క్యాన్సర్ భయం పెట్టి తీసినప్పుడు, లోపల క్యాన్సర్ ఉందో లేదో ల్యాబులో చూపించి ఆ రిపోర్టు చేతికివ్వాలి కదా. ఆ ప్రశ్న కూడా నాకు చాలా ఏళ్ళ తర్వాతే తోచింది.

కుట్లు మానాయి. నెలసరి పోయింది. మొదట్లో నిజంగా హాయిగానే అనిపించింది, అది దాచను. తర్వాత మొదలైంది అసలు కష్టం. కూర్చున్నచోట కూర్చున్నట్టే గుండెల్లోంచి ఆవిరి లేచి మెడ, చెవులు కాలిపోయేవి. నిమిషాల్లో ఒళ్ళంతా చెమట, ఆ వెంటనే చలి. రాత్రుళ్ళు జాకెట్టు తడిసి ముద్దయ్యేది. నిద్ర పోయింది. గుండె దడ. ఎవరేమన్నా ఏడుపొచ్చేది, లేకపోతే కోపం. పిల్లల్ని ఎన్నడూ కసరనిదాన్ని, పలక కిందపడేసిన పసివాడి మీద అరిచాను. ఇంట్లో పడక సంగతి చెప్పలేనంత నొప్పి. దాని మీద మా ఆయనకూ నాకూ మాటల్లేని దూరం వచ్చింది. అత్త గుడికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. ఆర్‌ఎంపీ బలం మాత్రలిచ్చాడు. కొందరు టీచరమ్మకు మతి చెడిందన్నారు. ఆపరేషన్‌కూ దీనికీ సంబంధముందని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆపరేషన్ అయిన ఆడవాళ్ళలో చాలామంది ఇలాగే ఉన్నారు. అందరికీ ఉండేదాన్ని జబ్బని ఎవరంటారు?

38 ఏళ్ళప్పుడు బోరింగు దగ్గర జారి చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. చిన్న జారుడే. ప్రభుత్వ ఆసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరు వయసు చూసి అనుమానపడి, నన్ను ఆడవాళ్ళ విభాగానికి పంపించారు. అక్కడ ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పమన్నారు. విని, "అండాశయాలు కూడా తీశారా?" అని అడిగారు. థియేటర్లో ఆ మాట విన్నాను గానీ, తీశారో లేదో నాకు తెలియదన్నాను. పాత కాగితాలు తెమ్మన్నారు. ట్రంకుపెట్టెలో రేషన్ కార్డు కింద భద్రంగా దాచుకున్న డిశ్చార్జి కాగితం తీసుకెళ్ళాను. అందులో 'టీఏహెచ్' అని, పక్కనే 'బీఎస్‌ఓ' అని ఉంది. రెండోది ఆవిడ వేలితో చూపించారు. గర్భసంచితో పాటు రెండువైపులా అండాశయాలు, నాళాలు తీసేశారని.

అప్పుడు ఆవిడ చెప్పింది విన్నాను. అండాశయాలు పిల్లల కోసమే కాదు. అవి ఇచ్చే హార్మోన్ ఎముకల్ని, గుండెను, నిద్రను, మనసును కాస్తుంది. మామూలుగా 45, 50 ఏళ్ళ మధ్య మెల్లమెల్లగా తగ్గాల్సింది నాకు ఒక్క మధ్యాహ్నంలో ఆగిపోయింది. అలా తీయాల్సి వస్తే, వేరే అభ్యంతరం లేనప్పుడు, ఆ వయసు వచ్చేదాకా హార్మోన్ మాత్రలు ఇవ్వడం పద్ధతి. నాకు ఎవరూ ఇవ్వలేదు. గర్భసంచి వాపు దానంతటది జబ్బు కాదు. నోటి దగ్గర పుండు అని మా దగ్గర చెప్పేది చాలాసార్లు క్యాన్సర్ కానే కాదు. అనుమానముంటే పాప్ స్మియర్ తీస్తారు, లేదా ఎసిటిక్ యాసిడ్ పూసి చూస్తారు; ఖరీదైన పరీక్షలు కావు. తెల్లబట్టకు చాలావరకు మాత్రలే మందు. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ కాయిల్ ఉంది. ఇవన్నీ చూశాకే కత్తి. "నీకు తీయాల్సిన అవసరం అసలు లేదని నేను ఇప్పుడు చెప్పలేనమ్మా, అప్పటి రిపోర్టులు లేవు. కానీ ఇవన్నీ నీకు చెప్పి ఉండాల్సింది" అన్నారావిడ. ఆ నిజాయితీకి నేను ఆవిడకు ఋణపడి ఉన్నాను. నన్ను ఓదార్చడానికి లేనిదాన్ని చెప్పలేదు.

ఆ రాత్రి మా ఆయన్ని అడిగాను. ఆ రోజు సిస్టరు ఏమంది?

"లోపల ఇంకోటి కూడా పాడైంది, తీయకపోతే ప్రాణానికి ముప్పు, గబగబా పెట్టండి అంది. నువ్వు లోపల కోసి ఉన్నావు. నేను కాదంటానా?"

"నన్నడగమని చెప్పొచ్చుగా."

"నువ్వు మత్తులో ఉన్నావనుకున్నా."

ఆయన మీద నాకు కోపం లేదు. భయపెట్టి ఒక మనిషి చేత పెట్టించుకున్నదాన్ని నేను సంతకం అనను. భార్య ప్రాణం పోతుందంటే ఏ మగాడైనా ఏ కాగితం మీదైనా పెడతాడు. ఆయన్ని అలాంటి చోట నిలబెట్టారు, అంతే.

అంగన్‌వాడీ సమావేశానికి వచ్చిన ఒక లాయరమ్మ ద్వారా సమీరా కోహ్లీ కేసు సంగతి తెలిసింది. ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత. 1995లో అధిక రక్తస్రావంతో వెళ్ళారు. లాపరోస్కోపీతో లోపల చూడటానికి సంతకం పెట్టారు. ఆమె మత్తులో ఉండగా బయటున్న తల్లి చేత సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి అవయవం తీయడానికి పనికిరాదు. రోగి వయసొచ్చిన మనిషి, తన సంగతి తాను చెప్పుకోగలిగినప్పుడు, ఆమె బదులు తల్లి సమ్మతి కూడా చెల్లదు. ప్రాణం మీదకొచ్చి క్షణం ఆగలేని పరిస్థితి అయితే తప్ప. మత్తు దిగేదాకా ఆగి అడగాల్సింది. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, వేరే దారులేమున్నాయి, పెద్ద ముప్పులేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాకే అది సమ్మతి అవుతుంది. ఆ తీర్పు నా ఆపరేషన్‌కు మూడేళ్ళ ముందే వచ్చింది. ఆమె విషయంలో మత్తు దిగేదాకా ఆగాలన్నారు. నా విషయంలో ఆగాల్సిన పని కూడా లేదు.

ఆ తీర్పులో పరిహారం 25,000 రూపాయలు, డాక్టరు ఫీజు మాఫీ. నాకు డబ్బు మీద ఆశ లేదనను, తాకట్టు గొలుసు విడిపించుకోలేకపోయాం. కానీ నా కేసు షీటు చూడాలన్న పట్టుదల ఎక్కువ. ఏ కారణం రాశారు? ఆ రెండో సంతకం ఏ కాగితం మీద ఉంది? భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్‌కు భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలని అదే నియమావళి చెబుతోంది. ఇద్దరిదీ. నర్సింగ్ హోంకు వెళ్ళి రాతపూర్వకంగా అడిగాను. రికార్డులు మూడేళ్ళే ఉంచుతాం, తర్వాత తీసేస్తాం అన్నారు. అదీ నియమావళిలో ఉన్నదే. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది కదా అంటే, ఫిర్యాదుకు గడువు రెండేళ్ళమ్మా అంది లాయరమ్మ. నీకు సంగతి తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టమని వాదించొచ్చు గానీ, కాగితాలు లేకుండా నిలబడటం కష్టమంది. ఏం తీశారో తెలియడానికే నాకు అన్నేళ్ళు పట్టింది. నేను కేసు వేయలేదు.

మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. దాని నోట్సులో వైద్యనీతి పాఠం ఉంది. 1979లో బోషాంప్, చైల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికా పండితులు ఒక పుస్తకం రాశారట. నాలుగు సూత్రాలు: మనిషి తన సంగతి తానే నిర్ణయించుకోవడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. పరీక్షకు ముందు రాత్రి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అప్పజెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "అమ్మా, నీ కథ ఇందులో ఏ సూత్రం కిందకొస్తుంది?" అంది. మొదటిదే అని దానికి తోచింది. నాకు నాలుగోదాని దగ్గర ఎక్కువ మాట్లాడాలనిపించింది.

ఎందుకంటే ఇది నా ఒక్కదానికే జరిగి ఉంటే చెడ్డ డాక్టరు, చెడ్డ రోజు అనుకునేదాన్ని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మనమే. పల్లెల్లో ఎక్కువ, చదువు లేనివాళ్ళలో ఎక్కువ. మన గాలిలో, నీటిలో గర్భసంచులు పాడుచేసేది ఏదైనా ఉందా? లేదు. ఎక్కడ ఆడదాని ఒళ్ళు కూలికి అడ్డమవుతుందో, ఎక్కడ కోతకు డబ్బొస్తుందో, ఎక్కడ అడిగేవాళ్ళు లేరో, అక్కడ ఎక్కువ. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్ళు వేలమంది తీయించుకున్నారని 2019లో బయటపడింది. అక్కడా ఇదే కూలి లెక్క. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా చేసిన ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. కోర్టు చెప్పింది మంచిదే. కానీ మా చేలల్లో ఇప్పటికీ మరుగుదొడ్డి లేదు. అది లేనంతకాలం ఆడవాళ్ళు తమంతట తామే నర్సింగ్ హోం తలుపు తడతారు.

ఇప్పుడు మా అంగన్‌వాడీ కేంద్రానికొచ్చే తల్లుల సమావేశంలో నేను పోషణ గురించి చెప్పాక దీని గురించీ చెబుతాను. ఎవరికైనా తీయాలన్నారంటే తోడు వెళతాను. జబ్బు పేరేమిటి, మందుతో తగ్గే వీలుందా, వేరే డాక్టరుకు చూపించి రావచ్చా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, ల్యాబు రిపోర్టు ఇస్తారా అని అడిగిస్తాను. నేనడగను, ఆమె చేతనే అడిగిస్తాను. కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. కొందరు కుర్చీ చూపించి ఓపిగ్గా బొమ్మ గీసి చెబుతారు. అలాంటివాళ్ళు ఉన్నారు, నేను అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు.

ఈమధ్య మా వీధిలో 36 ఏళ్ళామెకు గర్భసంచిలో పెద్ద గడ్డలు బయటపడ్డాయి. రక్తం బాగా తగ్గిపోయింది. నెలల తరబడి మాత్రలు వాడింది. ప్రభుత్వ ఆసుపత్రిలో అన్ని దారులూ చెప్పారు. గడ్డలు మాత్రమే తీయొచ్చు, కానీ మళ్ళీ రావచ్చు. గర్భసంచి తీస్తే రావు. ఆమె రెండు రోజులు ఆలోచించుకుని తీయించుకుంటానంది. నాకు మనస్కరించలేదు. గడ్డల వరకే తీయించుకోమని చెప్పాను, నా చెయ్యి విరిగిన సంగతీ చెప్పాను. "నువ్వు చెప్పిందంతా విన్నానక్కా. నీకు చెప్పకుండా చేశారు, నాకు చెప్పారు. ఇంకోసారి కోయించుకునే ఓపిక నాకు లేదు" అంది. ఇక నేను మాట్లాడలేదు, సంచి సర్దుకుని తోడు వెళ్ళాను. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం డ్యూటీ డాక్టరు కాగితం తెచ్చి తెలుగులో చదివి వినిపించింది. ఆమె మధ్యలో ఆపి, "అండాశయాలు ముట్టుకోబోమని ఇందులో రాయండి మేడం. లోపల ఏదైనా మార్పొస్తే ముందు నాకు చెప్పాలని కూడా రాయండి" అంది. డాక్టరు రాసింది. ఆమె ఇంకోసారి చదివించుకుని సంతకం పెట్టింది.